అర సెకను లేటైంది కాబట్టి బతికిపోయాం

ఈరోజు మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని చెప్తాను. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది. ఈ వీడియో అయిపోయాక సెట్టింగ్స్ లోకి వెళ్లి, అబౌట్ ఫోన్ తెరిచి, లీగల్ ఇన్ఫర్మేషన్ అనే దాన్ని నొక్కండి. కొన్ని ఫోన్లలో ఓపెన్ సోర్స్ లైసెన్సెస్ అని నేరుగానే ఉంటుంది. ఒక లిస్టు వస్తుంది. బొటనవేలు నొప్పి పుట్టేదాకా కిందికి తోయండి, అయిపోదు. అందులో ప్రతి పేరూ ఎవరో రాసి, "వాడుకోండి, నాకు డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు" అని వదిలేసిన సాఫ్ట్‌వేర్. కొన్నిటి వెనక పెద్ద పెద్ద కంపెనీలున్నాయి. కొన్నిటి వెనక ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. పగలు ఉద్యోగం చేసుకుని, ఇంటికొచ్చి, అన్నం తిని, రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరిచి దాని బాగోగులు చూసుకునే మనిషి.

ఈరోజు కథ అలాంటి ఒక మనిషిది. సాయం చేస్తానని ఆయన పక్కన చేరిన ఇంకొకడిది. మధ్యలో నాది కూడా కొంచెం ఉంది. అది చెప్పుకోవడానికి అంత గొప్పగా ఏమీ ఉండదు, ముందే చెప్తున్నా.

సప్లై చెయిన్ ఎటాక్ అనే మాట మీరు వినే ఉంటారు. ఇంటర్వ్యూల్లో కూడా అడుగుతున్నారు ఈమధ్య. చాలా సింపుల్. మీ ఇంటి పాలగిన్నెలో నీళ్లు కలపాలంటే మీ ఇంట్లోకి రావాలి. అదే పాలకేంద్రం దగ్గర క్యాన్‌లో కలిపేస్తే? ఊరందరి ఇళ్లలోకీ తనంతట తానే వెళ్లిపోతుంది. ఎవరి తాళమూ పగలగొట్టక్కర్లేదు. మీరే గిన్నె పట్టుకుని వచ్చి పోయించుకుని వెళ్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ పాలకేంద్రం ఏంటంటే, అందరూ వాడే చిన్న చిన్న లైబ్రరీలు.

అలాంటి ఒక లైబ్రరీ పేరు ఎక్స్‌జెడ్. జిప్ ఫైల్ తెలుసు కదా, అలాగే ఇది కూడా ఫైళ్లని నొక్కి చిన్నవిగా చేస్తుంది. అంతే దాని పని. లినక్స్ నడిచే దాదాపు ప్రతి మెషీన్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకుంటున్నది ఫిన్లాండ్‌కి చెందిన లాసె కాలిన్ అనే ఆయన. జీతం లేదు. టీమ్ లేదు. హాబీ ప్రాజెక్ట్.

ఇక రెండో మనిషి. 2021లో గిట్‌హబ్‌లో జియా టాన్ అనే పేరుతో ఒక అకౌంట్ పుట్టింది. ఆ ఏడాది అక్టోబర్ చివర్లో ఎక్స్‌జెడ్ మెయిలింగ్ లిస్టుకి ఈ జియా టాన్ ఒక చిన్న ప్యాచ్ పంపాడు. ఎడిటర్ సెట్టింగ్స్‌కి సంబంధించింది, ఎవరికీ అభ్యంతరం ఉండనిది. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. అన్నీ పనికొచ్చేవే. గొడవ చేయడు, తొందరపెట్టడు, చెప్పిన మార్పులు చేసుకొస్తాడు. మెయింటైనర్‌గా ఉన్న ఎవరైనా ఇలాంటివాడు దొరికితే దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు.

2022 ఏప్రిల్‌లో ఇంకో పేరు వచ్చింది. జిగర్ కుమార్. పేరు చూసి మనవాడెవడో అనుకునేరు. ఆ ఈమెయిల్‌కి ఈ లిస్టులో తప్ప ఇంటర్నెట్‌లో ఇంకెక్కడా జాడ లేదు. ఈయన ప్యాచ్‌లేమీ పంపడు. ఫిర్యాదులు మాత్రమే పంపుతాడు. ప్యాచ్‌లు ఏళ్లకేళ్లు ఇక్కడే మగ్గిపోతున్నాయని, ఇప్పుడున్న మెయింటైనర్‌కి ఆసక్తి పోయిందని, కొత్త మెయింటైనర్ వస్తే తప్ప ఇది కదలదని. కొన్నాళ్లకి డెనిస్ ఎన్స్ అని ఇంకొకాయన తోడయ్యాడు. ఈయన కాస్త మెత్తగా మాట్లాడతాడు, పోటు మాత్రం అదే.

లాసె కాలిన్ దానికి జూన్‌లో జవాబు రాశాడు. నాకు ఆసక్తి పోలేదు, కానీ చాలాకాలంగా మానసికంగా ఆరోగ్యం బాగోలేక ఎక్కువ చేయలేకపోతున్నాను, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్ట్ అన్న సంగతి గుర్తుపెట్టుకోండి అన్నాడు. జియా టాన్‌తో విడిగా పనిచేస్తున్నానని, ముందుముందు అతనికి ఇందులో పెద్ద పాత్ర ఉండొచ్చని కూడా అన్నాడు. ఇంత మర్యాదగా, ఇంత బాధగా ఒక మనిషి రాస్తే మనమైతే ఏం చేస్తాం? సరే అన్నా, నిదానంగా చేయండి అంటాం కదా. వాళ్లు ఆగలేదు. ఆరోగ్యం గురించి విని బాధపడ్డామంటూనే, మీ వల్ల కాకపోతే వేరేవాళ్లకి అప్పగించండి అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. నా పార్ట్ ఇదే.

2021లో నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేస్తున్నాను. బీటెక్ అయ్యి రెండేళ్లు. మా యాప్‌లో వాడిన ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీలో బగ్ వచ్చింది. శుక్రవారం రిలీజ్, మా మేనేజర్ గంటగంటకీ నా కుర్చీ వెనక నిలబడుతున్నాడు. గిట్‌హబ్‌లోకి వెళ్లి చూస్తే అదే బగ్ మీద మూడు వారాల కిందటి ఇష్యూ ఉంది, జవాబు లేదు. నేను కింద ఏం రాశానో తెలుసా? "ఈ ప్రాజెక్ట్ బతికే ఉందా? చూసుకోలేకపోతే ఇంకెవరికైనా ఇచ్చేయండి, ప్రొడక్షన్‌లో వాడుతున్నవాళ్లం ఇక్కడ." అచ్చంగా ఇదే మాట, ఇంగ్లీష్‌లో. ఆ లైబ్రరీకి నేను గానీ మా కంపెనీ గానీ ఒక్క రూపాయి ఇచ్చింది లేదు. ఆయన ఆదివారం రాత్రి, ఆయన టైమ్‌లో రాత్రి, బగ్ సరిచేసి కొత్త వెర్షన్ వదిలాడు. సోమవారం పొద్దున్నే నేను అప్‌డేట్ కొట్టుకుని, టీ తాగడానికి వెళ్లిపోయాను. థ్యాంక్స్ అని కూడా రాయలేదు. అప్పట్లో అది తప్పని అనిపించలేదు కూడా. అందరూ అలాగే రాస్తారు కదా.

అందరూ అలాగే రాస్తారు. అసలు పాయింట్ ఇదే ఫ్రెండ్స్. జిగర్ కుమార్ మెయిళ్లు చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది ఎందుకంటే, ఆ వాక్యాలు నావి. ఎవరూ వాళ్లని అనుమానించలేదు, ఎందుకు అనుమానిస్తారు? నాలాంటివాళ్లు వందలమంది రోజూ నిజంగానే అలా రాస్తుంటారు. దొంగ వేసుకున్న ముసుగు వాడు కుట్టుకున్నది కాదు. మేం కుట్టి రెడీగా పెట్టాం, వాడు వచ్చి తగిలించుకున్నాడు.

సరే, కథలోకి వద్దాం. 2023కి వచ్చేసరికి జియా టాన్ చేతికి తాళాలు వచ్చేశాయి. ప్రాజెక్ట్‌లోకి నేరుగా కోడ్ పెట్టగలడు, రిలీజ్‌లు వదలగలడు. గూగుల్ నడిపే ఓఎస్ఎస్-ఫజ్ అని ఒక సర్వీస్ ఉంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లకి అడ్డదిడ్డమైన ఇన్‌పుట్ ఇచ్చి, ఎక్కడ కూలిపోతుందో చూసి, మెయింటైనర్‌కి చెప్తుంది. ఎక్స్‌జెడ్‌కి సంబంధించి ఆ హెచ్చరికలు ముందుగా వెళ్లే ఈమెయిల్ ఆ ఏడాది మార్చిలో మారింది. ఎవరిదో చెప్పక్కర్లేదు. జులైలో, ముందుముందు తన పని బయటపెట్టగలిగే ఒక ఫీచర్‌ని ఆ పరీక్షల్లో ఆపేయమని అడిగి ఆపించాడు. దోపిడీకి ఏడెనిమిది నెలల ముందు వీధిలో సీసీ కెమెరా పక్కకి తిప్పాడన్నమాట. ఎంత ఓపికో చూడండి. మనకి ఒక రీల్ ముప్పై సెకన్లు దాటితే ఓపిక ఉండదు.

2024 ఫిబ్రవరిలో అసలు పని. ఎక్స్‌జెడ్ లాంటి ప్రాజెక్ట్‌లో టెస్టుల కోసం కావాలనే పాడుచేసిన ఫైళ్లు ఉంటాయి. పాడైన ఫైల్ ఇస్తే ప్రోగ్రామ్ సరిగ్గా ఎర్రర్ చూపిస్తుందా లేదా అని చూడటానికి. అవి తెరిస్తే చెత్త అక్షరాలు కనిపిస్తాయి, కాబట్టి ఎవరూ తెరిచి చదవరు. జియా టాన్ తన దొడ్డిదారిని, అంటే బ్యాక్‌డోర్‌ని, అలాంటి రెండు టెస్ట్ ఫైళ్లలో దాచాడు. బాగుంది, ఫైల్లో పడి ఉంటే ఏమవుతుంది? దాన్ని బయటికి తీసి ప్రోగ్రామ్‌లో కలిపే స్క్రిప్ట్ ఒకటి కావాలి. ఆ స్క్రిప్ట్ లైను గిట్‌హబ్‌లో కనిపించే కోడ్‌లో లేదు. రిలీజ్ అప్పుడు విడిగా కట్టే ప్యాకెట్ ఒకటి ఉంటుంది, టార్‌బాల్ అంటాం, అందులో మాత్రమే పెట్టాడు.

ఇది అర్థమవ్వాలంటే, ఈమధ్య హోటళ్లలో అద్దాల వంటగది ఉంటుంది కదా, దోసె ఎలా వేస్తున్నారో మనం చూడొచ్చు. చాలా శుభ్రం, చాలా నమ్మకం. కానీ పార్సిల్ మాత్రం వెనక గదిలో కడతారు. మనం చూసింది అద్దంలో, ఇంటికి తెచ్చుకుని తిన్నది వెనక గదిలో కట్టింది. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి సేఫ్ అంటారే, ఆ మాటకి ఉన్న చిల్లు ఇదే. లినక్స్ తయారుచేసి ఇచ్చేవాళ్లు, డెబియన్ అయినా ఫెడోరా అయినా, తీసుకునేది పార్సిల్‌ని.

ఇంతకీ ఈ దొడ్డిదారి ఎక్కడికి పోతుంది? ఎస్ఎస్‌హెచ్‌కి. దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి ప్రపంచమంతా వాడే తలుపు అది. నిజానికి ఎస్ఎస్‌హెచ్‌కీ ఎక్స్‌జెడ్‌కీ ఏ సంబంధమూ లేదు. కానీ కొన్ని లినక్స్‌లలో ఎస్ఎస్‌హెచ్ తను స్టార్ట్ అయ్యానని సిస్టమ్‌డికి చెప్పాలని ఒక చిన్న మార్పు చేసుకున్నారు. ఆ సిస్టమ్‌డి లైబ్రరీ ఎక్స్‌జెడ్ లైబ్రరీని వెంటబెట్టుకుని వస్తుంది. పెళ్లికి ఒకరిని పిలిస్తే వాళ్ల బావమరిది కూడా వచ్చినట్టు. ఆ బావమరిది జేబులో కత్తి ఉంది. లాగిన్ అప్పుడు కీ సరైనదేనా అని చూసే ఫంక్షన్‌ని పక్కకి తోసి, దాని స్థానంలో ఈ కోడ్ కూర్చుంటుంది. ఒక రహస్య కీ ఉన్నవాడు ఆ సర్వర్‌లో పాస్‌వర్డ్ లేకుండానే ఏ కమాండ్ అయినా నడపొచ్చు. మిగతా ఎవరికీ ఏ తేడా తెలియదు. తీవ్రతని కొలిచే స్కేల్‌లో దీనికి పదికి పది ఇచ్చారు.

ఇంకొక చిన్న సంగతి, నాకు చాలా ఇష్టమైనది. ఇష్టం అనకూడదేమో. ఎక్స్‌జెడ్‌లో ల్యాండ్‌లాక్ అని ఒక రక్షణ ఉంది, ప్రోగ్రామ్‌ని ఒక గీత దాటి పోనివ్వదు. అది ఆ కంప్యూటర్‌లో పనిచేస్తుందా లేదా అని చూడటానికి బిల్డ్ టైమ్‌లో ఒక బుల్లి ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసి చూస్తారు. జియా టాన్ అందులో ఒక ఖాళీ లైన్‌లో ఒక చుక్క పెట్టాడు. ఫుల్‌స్టాప్. అంతే. ఆ చుక్క వల్ల బుల్లి ప్రోగ్రామ్ ఎప్పుడూ కంపైల్ అవ్వదు, కాబట్టి "ఓహో, ఈ మెషీన్‌లో ల్యాండ్‌లాక్ లేదు" అనుకుని రక్షణ ఆగిపోతుంది. మీ ఫోన్ స్క్రీన్ మీద దుమ్ము కణం అనుకుని తుడిచేస్తారు, అంత చుక్క. కోడ్ రివ్యూలో మీకు కనపడేదా? నాకైతే కనపడేది కాదు, ఒట్టు.

ఫిబ్రవరి 24న 5.6.0 వెర్షన్ వచ్చింది. కొన్ని టూల్స్ ఏదో తేడాగా ఉందని గోల చేస్తే, మార్చి 9న 5.6.1 వదిలి సర్దుబాటు చేశాడు. ఫెడోరా వాళ్లతో కూర్చుని ఆ ఎర్రర్ల గురించి మర్యాదగా చర్చించాడు కూడా. ఆ తర్వాత, త్వరగా ఈ కొత్త వెర్షన్ తీసుకోండి అని డెబియన్, ఉబుంటు వాళ్లకి రిక్వెస్టులు మొదలయ్యాయి. ఉబుంటు 24.04 రాబోతోంది అప్పుడు. అది ఏళ్లకేళ్లు సర్వర్లలో ఉండిపోయే వెర్షన్. అందులోకి గనక వెళ్లి ఉంటే ఈ వీడియో టోన్ వేరేగా ఉండేది.

వెళ్లలేదు. ఎందుకంటే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని ఒకాయన ఉన్నాడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తాడు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. సెక్యూరిటీ ఆయన పని కాదు. పోస్ట్‌గ్రెస్ స్పీడ్ కొలుస్తున్నాడు. అలా కొలిచేటప్పుడు కంప్యూటర్‌లో ఇంకేమీ నడవకూడదు కదా, కానీ ఎస్ఎస్‌హెచ్ ఎందుకో సీపీయూని తెగ తింటోంది. లాగిన్‌కి మామూలుగా 0.3 సెకన్లు పట్టేది, 0.8 పడుతోంది. అర సెకను తేడా. మనమైతే వైఫై స్లోగా ఉందనుకుంటాం. ఈయన అలా అనుకోలేదు. కొన్ని వారాల కిందట చూసిన ఒక వింత ఎర్రర్ గుర్తొచ్చింది. తవ్వుకుంటూ పోయాడు, ఎక్స్‌జెడ్ దగ్గర తేలింది. 2024 మార్చి 29న అందరికీ తెలిసేలా రాసి పెట్టాడు. ఆరోజు గుడ్ ఫ్రైడే, ప్రపంచంలో సగం మంది ఇంజనీర్లు లీవులో ఉన్నారు. చాలామంది సెలవు అక్కడితో సరి. ఉబుంటు బీటా వారం రోజులు వెనక్కి జరిగింది. అప్పటికి ఇది చేరింది డెబియన్ టెస్టింగ్, ఫెడోరా ముందస్తు వెర్షన్లు, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్, కాలీ లాంటివాటికే. కాలీ అనగానే మనలో కొందరికి గుండె ఝల్లుమంటుంది, హ్యాకింగ్ నేర్చుకుంటామని ల్యాప్‌టాప్‌లో వేసుకున్నారు కదా. అందరూ వాడే స్టేబుల్ వెర్షన్లకి ఇంకా పోలేదు.

జియా టాన్ ఎవరో ఇప్పటిదాకా తేలలేదు. లాసె కాలిన్ మాత్రం వచ్చి, మొత్తం కోడ్ తుడిచి, శుభ్రం చేసి, మే 29న 5.6.2 వదిలాడు. మళ్లీ ఆయనే. మళ్లీ జీతం లేకుండానే.

ఇది ఒక్కసారి జరిగింది కదా, వదిలెయ్ అంటారా? 2018లోనే ఇలాంటిది జరిగింది. ఈవెంట్-స్ట్రీమ్ అని జావాస్క్రిప్ట్ లైబ్రరీ. దాన్ని రాసినాయన వాడటం మానేశాడు. ఒకడు ఈమెయిల్ పెట్టి, నేను చూసుకుంటాను అన్నాడు. సరే అని ఇచ్చేశాడు. కొన్నాళ్లకి అందులో బిట్‌కాయిన్ వాలెట్ ఖాళీ చేసే కోడ్ తేలింది. అప్పుడు నెటిజన్లు తిట్టింది ఎవరిని? ఇచ్చేసినాయన్ని. ఉచితంగా రాసి, ఉచితంగా ఏళ్లపాటు చూసుకున్న మనిషిని. ఎక్స్‌జెడ్ బయటపడిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 2024లో, జావాస్క్రిప్ట్ ప్రాజెక్ట్‌లని చూసే ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్ తమకీ అలాంటి మెయిళ్లు వచ్చాయని హెచ్చరించింది. పనేమీ చేయనివాళ్లు వచ్చి, మమ్మల్ని మెయింటైనర్లని చేయండి, అర్జెంట్ అని.

మరి ఏం చేయాలి? మెయింటైనర్‌గా ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా చూస్తుంటే, మీకు చిన్న ప్యాకేజీ ఉన్నా సరే, ముందు అకౌంట్ కాపాడుకోండి. 2025 సెప్టెంబర్ 8న ఏమైందంటే, చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీలు చూసే ఒకాయనకి ఎన్‌పీఎం సపోర్ట్ నుంచి వచ్చినట్టు మెయిల్ వచ్చింది. మీ టూ ఫ్యాక్టర్ పాతబడింది, అప్‌డేట్ చేయకపోతే లాక్ అవుతుంది అని. ఆయన నొక్కాడు. ఆ వెబ్‌సైట్ చివర అసలు ఎన్‌పీఎంకి ఉండే డాట్ కామ్ లేదు, డాట్ హెల్ప్ ఉంది. పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ పోయాయి. ఆ ప్యాకేజీలన్నీ కలిపితే వారానికి 200 కోట్లకి పైగా డౌన్‌లోడ్లు. రెండు గంటల్లో పట్టుకున్నారు, ఆ మనిషి కూడా దాచుకోకుండా తప్పు ఒప్పుకున్నాడు, అందుకే తొందరగా తేలింది. మన ఇళ్లలో కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కట్ చేస్తాం అని మెసేజ్ వస్తుంది చూడండి, అదే ట్రిక్. చదువుకున్నోళ్లు పడరు అనుకోకండి. ఓటీపీ వేరే సైట్‌లో కొట్టేయగలం, కానీ పాస్‌కీ అలా కాదు, అది సైట్ పేరు తప్పయితే అసలు పనిచేయదు. అందుకని పాస్‌కీ పెట్టుకోండి. ఫోన్ వేలిముద్రతోనే అయిపోతుంది.

ఇంకా ఉన్నాయి. కోడ్ పెట్టేవాడు ఒకడు, ఒప్పుకునేవాడు ఇంకొకడు అయ్యేలా బ్రాంచ్‌కి తాళం వేయడం. పార్సిల్ వెనక గదిలో కాకుండా అందరి ముందూ, ఆటోమేటిక్‌గా కట్టించడం, ఎవరు కట్టినా అదే పార్సిల్ వస్తుందో లేదో సరిచూడటం. గిట్‌హబ్ యాక్షన్స్ వాడేటప్పుడు వెర్షన్ ట్యాగ్ పేరు కాకుండా పూర్తి కమిట్ నంబర్ రాయడం. ట్యాగ్ అనేది తలుపు మీద నేమ్‌బోర్డ్ లాంటిది, ఎవరైనా మార్చేయొచ్చు. 2025 మార్చిలో చేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్‌లో సరిగ్గా అదే చేశారు, 23 వేలకి పైగా ప్రాజెక్ట్‌లు దాన్ని వాడుతున్నాయి. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, లాక్ ఫైల్‌ని గిట్‌లో పెట్టండి. కొత్త వెర్షన్ వచ్చిన గంటలోనే అప్‌డేట్ కొట్టకండి. కొన్ని రోజులు ఆగితే ఏం పోదు, ఇలాంటి చాలా ఎటాక్‌లు గంటల్లోనో రోజుల్లోనో బయటపడతాయి. పీఎన్‌పీఎంలో అయితే వెర్షన్‌కి కనీస వయసు పెట్టుకునే సెట్టింగ్ కూడా వచ్చింది. సెక్యూరిటీ ఫిక్స్ అయితే మాత్రం ఆగకండి, అది వేరు.

కానీ ఒకటి చెప్పండి. ఇవన్నీ సక్రమంగా పెట్టుకున్నా జియా టాన్ ఆగేవాడా? అకౌంట్ హ్యాక్ చేయలేదు వాడు. తాళాలు చేతిలో పెట్టించుకున్నాడు. ఇద్దరు రివ్యూ చేయాలి అని రూల్ పెడితే, ఆ రెండోవాడు ఎక్కడ దొరుకుతాడు? ఉన్నదే ఒక్క మనిషి. నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు: టూల్స్ గురించి ఇన్ని కాన్ఫరెన్సులు పెట్టే కంపెనీలు, వాటిలో పదో వంతు ఖర్చు ఆ రెండో మనిషికి జీతంగా ఇస్తే సగం సమస్య తీరుతుంది.

మనవైపు నుంచి ఇంకో సంగతి ఉంది, చెప్తే కొందరికి కోపం వస్తుంది. 2024 మొదట్లో, అంటే ఎక్స్‌జెడ్‌లో దొడ్డిదారి పెడుతున్న ఆ రోజుల్లోనే, ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే పెద్ద ప్రాజెక్ట్‌కి పుల్ రిక్వెస్టులు వరదలా వచ్చాయి. ఏముంది వాటిల్లో? రీడ్‌మీ ఫైల్లో ఎవరి పేరు వాళ్లు రాసి పంపడం. మన దేశంలో బాగా చూసే ఒక ట్యుటోరియల్‌లో, పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలో చూపించడానికి ఆ ప్రాజెక్ట్‌నే ఉదాహరణగా తీసుకున్నారు. పిల్లలు చూసి నిజంగానే పంపేశారు. అంతకుముందు 2020 అక్టోబర్‌లో టీ షర్ట్ కోసం ఇదే గోల, హ్యాక్టోబర్‌ఫెస్ట్ వాళ్లు రూల్సే మార్చుకోవాల్సి వచ్చింది. రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్ అని రాసుకోవాలి, ప్లేస్‌మెంట్స్ వస్తున్నాయి, నాకు తెలుసు. నేనూ ఆ లైన్లో నిలబడినవాడినే. కానీ ఆవైపు కూర్చున్న మనిషి సంగతి చూడండి. రోజుకి యాభై చెత్త రిక్వెస్టులు మూసేస్తూ, మధ్యలో నాలాంటివాడి తిట్లు చదువుతూ ఉంటాడు. అప్పుడు ఒకడు వస్తాడు. శుభ్రమైన కోడ్, మర్యాదైన మాట, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. వాడు బంగారంలా కనపడడా? తాళాలు ఇవ్వాలనిపించదా? జియా టాన్ అంత మంచివాడిలా కనిపించడానికి మిగతా మనమందరం ఇలా ఉండటమే కారణం.

మరి స్టూడెంట్స్ ఏం చేయొచ్చు అంటే, పేరు రాయడం మానేసి ఒక పాత బగ్ రిపోర్ట్ తీసుకోండి. అది ఇంకా వస్తోందా లేదా మీ కంప్యూటర్‌లో చేసి చూసి, ఏ వెర్షన్‌లో, ఏ స్టెప్స్‌తో వచ్చిందో రాయండి. అంతే. కోడ్ ఒక్క లైన్ రాయక్కర్లేదు. ఆ ఒక్క కామెంట్ ఆ మెయింటైనర్‌కి గంట మిగులుస్తుంది. ఇంటర్వ్యూలో కూడా చెప్పుకోవడానికి రీడ్‌మీ కన్నా వంద రెట్లు నయం. ఇంకోటి, ఏదైనా ఇష్యూ కింద ఎవడైనా మెయింటైనర్‌ని తొందరపెడుతూ, ప్రాజెక్ట్ వేరేవాళ్లకి ఇచ్చేయమని రాస్తే, చూసి పోకండి. వాడి ప్రొఫైల్ తెరవండి. ఎప్పుడు పుట్టింది ఆ అకౌంట్, ఇంకెక్కడైనా ఏమైనా చేశాడా చూడండి. ఏమీ లేకపోతే, నిదానంగా చేయండి, మాకు తొందరేమీ లేదు అని కింద ఒక్క లైన్ రాయండి. 2022 జూన్‌లో ఆ మెయిలింగ్ లిస్టులో అలాంటి మాటలు ఇంకో నాలుగు వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఈ ఎపిసోడ్ రాసుకునేటప్పుడు, నా పాత కామెంట్ వెతికాను. ఇంకా ఉంది అక్కడే, నా ఫొటోతో సహా. ఆ ఇష్యూ ఎప్పుడో లాక్ చేసేశారు, కింద కొత్తగా ఏమీ రాయడానికి లేదు. డిలీట్ చేద్దామనుకున్నాను, చేయలేదు. ఉండనీ. ఆయన స్పాన్సర్ పేజీ ఉంటే అక్కడ నెలకి 5 డాలర్లు పెట్టాను, పక్కన ఉన్న చిన్న బాక్సులో సారీ కూడా రాశాను, నాలుగేళ్లు లేటుగా. మొదటిసారి పేమెంట్ ఫెయిల్ అయింది. మన కార్డుల్లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకుని, లిమిట్ తక్కువగా పెట్టుకుని, అప్పుడు ట్రై చేయండి. రెండోసారి వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు, రావాలని కూడా ఏమీ లేదు.

సెట్టింగ్స్‌లో ఆ లిస్టు చూడటం మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో పాస్‌కీ ఫోన్‌లో ఎలా పెట్టుకోవాలో స్క్రీన్ రికార్డ్ చేసి చూపిస్తాను, చాలామంది అడిగారు. ఉంటాను మరి.